పెద్ద డ్రమ్ము నుంచి బేస్ గిటారు దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం పుట్టింది 1975లో. నేను ఈ బడిలో పదో తరగతి గట్టెక్కిందీ ఆ ఏడాదే. అందుకని ఈ స్వర్ణోత్సవం నాకూ కొంత సొంతమే అనుకుంటున్నాను. కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నయ్యా, డాక్టర్లూ ఇంజనీర్లూ అందరూ మాట్లాడుతున్నారు, మీరు కాస్త పాటల కబుర్లు చెప్పండి" అన్నాడు. నేను పాటగాణ్ని కాదు. పగలు రైల్వేలో ఉద్యోగం చేసి, రాత్రిళ్లు ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారు వాయించినవాణ్ని. స్టేజీ మీద డ్రమ్ములవాడి పక్కన, లైటు సరిగ్గా పడని చోట నా స్థానం. మీలో చాలామంది మా ప్రోగ్రాములకి వచ్చే ఉంటారు. నన్ను చూసి మాత్రం ఉండరు.

మొదట్లో మా చుట్టాలాయన ఒకరు నా వాయిద్యం చూసి, "ఏరా, రెండు తీగలు తెగిపోయాయా? వేయించుకోకపోయావా?" అని జాలిపడ్డారు. మామూలు గిటారుకి ఆరు తీగలు, దీనికి నాలుగే. గిటారులో కింది నాలుగు తీగల స్వరాలే ఇందులోనూ ఉంటాయి, కాకపోతే ఒక స్థాయి కింద. అదొక్కటే తేడా. ఆ ఒక్క స్థాయి కోసమే నా జీవితంలో సగం రాత్రులు ఖర్చయ్యాయి.

దీనికి బీజం పడింది ఈ గ్రౌండులోనే. ఆగస్టు 15 కవాతుకి బ్యాండు తయారుచేసేటప్పుడు డ్రిల్లు మాస్టారు సన్నగా ఉన్నవాళ్లకి చిన్న డ్రమ్ములు ఇచ్చి, నా ఒళ్లు చూసి మెడకి పెద్ద డ్రమ్ము తగిలించారు. చిన్న డ్రమ్ములవాళ్లకి గమకాలూ, పుల్లలు తిప్పడాలూ ఉండేవి. నాకు మాత్రం ధన్, ధన్, ధన్. "నాకూ చిన్నది ఇవ్వండి మాస్టారూ" అని ఒకరోజు అడిగాను. ఆయన నన్ను పక్కకి పిలిచి, "వాళ్లు తప్పితే వాళ్లే తప్పుతారు. నువ్వు తప్పితే నాలుగొందల కాళ్లు తప్పుతాయి. ఆలోచించుకో" అన్నారు. తరవాత మళ్లీ అడగలేదు.

1980లో ఉద్యోగ శిక్షణ కోసం సికింద్రాబాదు లాలాగూడలో ఉన్నాను. అక్కడ రిటైరైన ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన పరిచయమయ్యారు. అందరూ అంకుల్ అనేవాళ్లు. వయసులో ఉండగా రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులకి బేస్ వాయించారట. ఆయన దగ్గరే మొదటిసారి ఆ వాయిద్యం చేతపట్టాను. నెల రోజులపాటు ఒక్కటే పాఠం: ఆయన బల్ల మీద చేత్తో తాళం వేస్తారు, నేను ఒక్క స్వరం దాని మీద పడేట్టు వాయించాలి. వేలి కొసలు పుండ్లయి, తరవాత కాయలు కాచాయి. "రెండో స్వరం ఎప్పుడు అంకుల్?" అంటే, "మొదటిది ఎప్పుడు ఆపాలో తెలిశాక" అనేవారు. బేస్ తీగ మోగితే చాలాసేపు మోగుతుంది. దాన్ని అరచేత్తోనో వేలితోనో సరిగ్గా సమయానికి ఆపకపోతే పాటంతా బురద అవుతుంది. వాయించడం ఒక వారంలో వచ్చింది. ఆపడం రావడానికి రెండేళ్లు పట్టింది.

మన సైన్సు మాస్టారు ఇక్కడే ఉన్నారు కాబట్టి కొంచెం లెక్క కూడా చెబుతాను. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు దాదాపు 27 అడుగులు. మేము వాయించిన చాలా స్టేజీలు అంత వెడల్పు లేవు. అంత పొడవైన తరంగాన్ని పందిరి గుడ్డలూ, తడికలూ, మనుషులూ ఆపలేరు. అందుకే ఊరి బయట నుంచి వస్తుంటే పాట మాటలు వినపడక ముందే కింద దుమ్ దుమ్ అనేది వినిపిస్తుంది. దాన్ని చెవి కంటే ముందు గుండెల మీద పట్టుకుంటాం.

ఈ వాయిద్యం చరిత్ర చిన్నదే. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రెసిషన్ బేస్ అని ఒకటి మార్కెట్లోకి తెచ్చారు. అంతకు ముందు బేస్ అంటే మనిషంత ఎత్తున, వయొలిన్‌కి పెద్దన్నలా ఉండేది. మోయడం కష్టం, డ్రమ్ముల మధ్య వినపడడం ఇంకా కష్టం. ఫెండర్ దాన్ని మెడలో వేసుకునే గిటారుగా చేసి, మెట్లు అమర్చి, కరెంటు పెట్టారు. మెట్లు ఉన్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. ఇందులో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ఆయన గిటారు విద్వాంసుడు కాదు, రేడియోలు బాగుచేసుకునే మనిషి.

నా మొదటి ఆంప్లిఫయరు చేసిందీ విజయవాడలో ఒక రేడియో మెకానిక్కే. 2ఎన్3055 అనే ట్రాన్సిస్టర్లు వేసి, రేకు పెట్టెలో బిగించి, 15 అంగుళాల స్పీకరుని మందపాటి ప్లైవుడ్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. డబ్బా బరువు 40 కిలోల పైమాటే. "కిందిస్థాయి కావాలంటే బరువు తప్పదు బాబూ" అనేవాడాయన. మెటడోర్ వ్యానులో అందరూ ముందు దాన్ని ఎక్కించి, తరవాత దాని మీద కూర్చునేవాళ్లు. గుడివాడ, తెనాలి, ఏలూరు, మచిలీపట్నం రోడ్లన్నీ ఆ డబ్బాకి తెలుసు.

మొదటి బేస్ 1981లో కొన్నాను, రెండు నెలల జీతం పెట్టి. కలకత్తాలో తయారైనది. మన కోస్తా గాలిలో తేమకి దాని మెడ వంగేది. ప్రతి వానాకాలం చిన్న స్పానరుతో మెడలోపలి కడ్డీ తిప్పి నిటారు చేసుకునేవాణ్ని. ఆ రోజుల్లో విదేశీ వాయిద్యాలు దొరకడమే గగనం, దొరికినా ధర మన అందుబాటులో ఉండేది కాదు. తీగలదీ అదే కథ. బేస్ తీగలు పాతబడితే చెమటా జిడ్డూ పట్టి మొద్దుబారతాయి. కొత్త సెట్టు కోసం మద్రాసు మౌంటురోడ్డుకి వెళ్లే మనిషి ఎప్పుడు దొరుకుతాడా అని చూసేవాళ్లం. ఈలోగా పాతవాటినే చుట్టచుట్టి మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉడకబెట్టేవాణ్ని. జిడ్డు వదిలి రెండు మూడు ప్రోగ్రాములకి మళ్లీ గణగణ పలికేవి. ఒకసారి మా అమ్మ పులుసు పెడదామని గిన్నె మూత తీసి, "ఇదేం కూరరా?" అని అడిగింది. మర్నాటి నుంచి నా తీగలకి వేరే గిన్నె ఏర్పాటైంది.

బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్ 1972లో చోరీకి గురైంది. అది తిరిగి దొరికిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. పేపర్లో చదివి సంతోషించాను. నా మొదటి బేస్‌ని 1988లో గుడివాడ కుర్రాడికి అమ్మి, సెకండ్‌హ్యాండ్ జపాను యమహా కొనుక్కున్నాను. దాని కోసం ఎవరూ వెతకరు. ఆ కుర్రాడు దాంతో పాటలు నేర్చుకుని ఉంటే అంతే చాలు.

వినాయక చవితి, దసరా, శ్రీరామనవమి మాకు పంటల కాలం. రాత్రి తొమ్మిదిన్నరకి దేవుడి పాటతో మొదలుపెడితే, పాత పాటలు, యుగళగీతాలు, అర్ధరాత్రి దాటాక హుషారు పాటలు. పదిరూపాయల నోటుకి చీటీ గుచ్చి పంపేవారు: ఫలానా పాట, ఫలానా వీధి కుర్రాళ్ల కోరిక మీద. చీటీ చదివాక పాట మొదలవడానికి అర నిమిషం కూడా ఉండేది కాదు. గాయకుడు వెనక్కి చెయ్యిపెట్టి వేళ్లతో శ్రుతి చూపించేవాడు. నేను మొదటి స్వరం పట్టుకుంటే, కీబోర్డువాడు నా ఎడమ చెయ్యి ఏ మెట్టు మీదుందో చూసి అందుకునేవాడు.

పందిరి చుట్టూ కట్టే గొట్టం స్పీకర్లు కంఠాన్ని పొలాల అవతలికి కూడా చేరవేస్తాయి గాని, కిందిస్థాయి వాటిలోంచి రాదు. ఆ గొట్టం పొడవుకి అది కుదరదు. కాబట్టి నన్ను వినాలంటే నా డబ్బా ముందు కూర్చోవాల్సిందే. దూరంగా ఉన్నవాళ్లకి నా స్వరంలో పైపై అంశాలు మాత్రం చేరతాయి. చిత్రమేమిటంటే, వాటిని బట్టి లేని కింది స్వరాన్ని మన చెవీ మెదడూ కలిసి ఊహించుకుంటాయి. చిన్న ట్రాన్సిస్టరు రేడియోలో కూడా బేస్ ఉన్నట్టు అనిపించేది అందుకే.

కరెంటు సంగతి చెప్పక తప్పదు. తీగల మీద చెయ్యి ఉండగా మైకుకి పెదవి తగిలి షాకు కొట్టించుకున్నవాళ్లని చాలామందిని చూశాను. ఎర్తు లేకపోతే అది ప్రాణాల మీదికి వస్తుంది. రైల్వేలో నా పని కరెంటు పనే కాబట్టి, స్టేజీ దగ్గరికి వెళ్లగానే బేస్ పెట్టె తెరిచేవాణ్ని కాదు. జనరేటరు పక్కన ఇనప కడ్డీ దిగ్గొట్టించి, ఉప్పునీళ్లు పోయించి, టెస్టరుతో ప్రతి మైకూ చూశాకే గాయనిని స్టేజీ ఎక్కనిచ్చేవాణ్ని. ఆలస్యమవుతోందని కమిటీవాళ్లు విసుక్కునేవారు. విసుక్కోనీ. పిల్లలూ, రేపు మీరు ఎక్కడ మైకు పట్టుకున్నా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

పాటలు నేర్చుకున్నది క్యాసెట్ల నుంచి. పై శబ్దాలు తగ్గించి, స్పీకరుకి చెవి ఆనించి వినేవాణ్ని. అయినా దొరకకపోతే రెండింతల వేగంతో తిప్పేవాణ్ని. అప్పుడు పాటంతా ఒక స్థాయి పైకి వెళ్తుంది, అడుగున దాక్కున్న బేస్ బయటపడుతుంది. గాయకుల గొంతు చిలకల పలుకులా ఉండేదనుకోండి. ఇళయరాజా గారి పాటలకి నా చెవులు అరిగిపోయాయి. ఆయన బేస్‌ని తాళం కోసం వాడి వదిలేయలేదు. పైన ఒక పాట నడుస్తుంటే కింద ఇంకో పాట నడిపించారు. 1989లో వచ్చిన గీతాంజలి పాటలు నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఆయన దగ్గర ఎన్నో పాటలకి బేస్ వాయించినవారు శశిధరన్ గారు. ఆ పేరు నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. క్యాసెట్టు అట్ట మీద సంగీత దర్శకుడు, రచయిత, గాయకులు ఉంటారు. వాయించినవాళ్లు ఉండరు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డుల కంపెనీకి జేమ్స్ జేమర్సన్ అనే ఆయన ఎన్నో ప్రసిద్ధ పాటలకి బేస్ వాయించారు. 1971లో మార్విన్ గే ఆల్బం అట్ట మీద ఆయన పేరు పడేదాకా లోకానికి ఆయనెవరో తెలియదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించేవారట.

ఇప్పుడు మన బడి విషయానికి వస్తాను. 1994లో మన తెలుగు మాస్టారి పదవీ విరమణ సభ ఈ గ్రౌండులోనే జరిగింది. మా ఆర్కెస్ట్రాని నేనే తీసుకొచ్చాను, డబ్బు మాటెత్తకుండా. అప్పట్లో మేము పద్నాలుగు మందిమి. సన్మానాలయ్యాక ఎవరో, "మాస్టారూ, మీరో పాట పాడాలి" అన్నారు. ఆయన పద్యం చదవడంలో దిట్టేగాని పాట పాడగా ఎవరం వినలేదు. వద్దు వద్దంటూనే మైకు దగ్గరికి వచ్చి, ఘంటసాల గారి పాట ఒకటి ఎత్తుకున్నారు.

ఆ శ్రుతి హార్మోనియంలో ఏ మెట్టు మీదా లేదు. రెండు మెట్ల నడుమ ఉంది. కీబోర్డువాడు నావైపు చూసి చేతులు ఎత్తేశాడు. బేస్‌కి మెట్లున్నా, తీగని వేలితో కాస్త పక్కకి నెడితే స్వరం కొంచెం పైకి జరుగుతుంది. అలా నెట్టి మాస్టారి స్వరం కిందికి చేరాను. వయొలినుకి మెట్లు లేవు, ఆయనకి ఇబ్బంది లేదు. తబలా అందుకుంది. పల్లవి మేము ముగ్గురమే నడిపాం. మాస్టారు ఒక చోట రెండు పంక్తులు దాటేశారు, మేమూ దాటేశాం. ఒకచోట ఆయన గొంతు పూడుకుపోయి ఆగారు. ఆగినంతసేపూ ఆ చిన్న బిట్టునే మళ్లీ మళ్లీ తిప్పాం, ఆయన కళ్లు తుడుచుకుని ఊపిరి తీసుకునేదాకా. రెండో చరణానికి వచ్చేసరికి నేను తీగని కొద్దికొద్దిగా వదులుతూ వచ్చాను, ఆయనా తెలియకుండానే మెట్టు మీదికి దిగారు. అప్పుడు కీబోర్డు, ఫ్లూటు, కోరస్ అందరూ కలిశారు. ఆ చరణం ఎలా వినిపించిందో ఆ రోజు ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

మాస్టారు స్టేజీ దిగుతూ నా దగ్గర ఆగి, "నేనింత బాగా పాడగలనని నాకే తెలీదురా" అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. నాకు వచ్చిన శాలువాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

ఆ తరవాత రెండు మూడేళ్లకే పరిస్థితి మారింది. కొత్త కీబోర్డులు వచ్చాయి, వాటిలోనే డ్రమ్ములు, వాటిలోనే బేస్. "ఎడమ చేత్తో వాడే వాయించేస్తాడండీ, మీ డబ్బా మోత కూడా తప్పుతుంది" అని నిర్వాహకులు నాకు నెమ్మదిగా చెప్పారు. పద్నాలుగు మందిమి తొమ్మిదయ్యాం, ఐదయ్యాం. తరవాత ట్రాకులు వచ్చాయి. ఇప్పుడు గాయకుడు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని ఒక్కడే వస్తున్నాడు. నాకు రైల్వే జీతం ఉంది కాబట్టి ఇల్లు గడిచింది. మా తబలా ఆయన ఆటో నడిపారు. ఫ్లూటు ఆయన అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరి, రాత్రిళ్లు గేటు దగ్గర కూర్చుని వాయించుకునేవారు. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. నా బేసూ యంత్రమే, దాని వల్ల ఆ నిలువెత్తు బేస్ వాయించేవాళ్లకి పని పోయి ఉంటుంది.

కాని ఒకటి మాత్రం చెప్పాలి. ట్రాకు చాలా శుద్ధంగా ఉంటుంది, శ్రుతి తప్పదు, తాళం తప్పదు. అయితే అది వినదు. ఆ రోజు మాస్టారు ట్రాకు మీద పాడి ఉంటే మొదటి పంక్తికే జనం నవ్వేవారు, ఆయన గొంతు పూడుకుపోయిన చోట ట్రాకు తన దారిన తాను వెళ్లిపోయేది. ఎదుటి మనిషి ఎక్కడున్నాడో విని, అక్కడికి వెళ్లి, అతన్ని మోసుకుని రావడం నలుగురు మనుషులు కలిసి వాయిస్తేనే కుదిరే పని. అది పుస్తకంలో రాదు, పక్కన నిలబడి వాయిస్తేనే వస్తుంది.

పోయిన వార్షికోత్సవానికి వచ్చాను. పిల్లలు చక్కగా చేశారు. పదహారు అంశాలు, పదహారూ పెన్‌డ్రైవు మీదే. మధ్యలో ఒక పాట ఆగిపోతే పిల్లలు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయారు. నాకు బాధ కలిగింది, వాళ్ల మీద కాదు.

అందుకని సంఘం ముందు ఒక విన్నపం. నా యమహా బేస్, ఆంప్లిఫయరు, ఆ 40 కిలోల డబ్బా, మంచి ఎర్తు పెట్టిన స్విచ్‌బోర్డు బడికి ఇచ్చేస్తున్నాను. హెడ్మాస్టరు గారు పాత లేబొరేటరీ గది చూపించారు. దానికి సున్నం వేయించి, రెండు గిటార్లు, ఒక డోలక్, ఒక హార్మోనియం కొనిపెట్టే ఖర్చు సంఘం భరించాలి. మా బృందంలో మిగిలినవాళ్లని పిలుస్తాను, వాళ్లకి రానుపోను చార్జీలు, భోజనం పెట్టాలి. వాళ్లు ఊరికే వస్తామంటారు, ఊరికే రానివ్వకండి. వచ్చే వార్షికోత్సవానికి పదహారు అంశాల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మన పిల్లలే వాయించి మన పిల్లలే పాడాలి. శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి నేను వస్తాను. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో చెప్పండి. డబ్బా దించడానికి మాత్రం నలుగురు గట్టి కుర్రాళ్లు కావాలి.